తేనెరంగు ఎముకలు

లెమొనియా మట్టిలోంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. అదే ఆమె చేసిన నేరం.

మా మవ్రోలిథిలో చచ్చినవాళ్ళకీ ఒక పరీక్ష ఉంటుంది. పాతిపెట్టిన కొన్నేళ్ళకి తవ్వి తీస్తాం. ఎముకలు శుభ్రంగా తేనెరంగులో వస్తే పోయిన మనిషి మంచిది, దేవుడు క్షమించాడు. నల్లగా వస్తే ఏదో ఉంది. ఒళ్ళు ఒళ్ళుగానే ఉండిపోతే మట్టి కూడా వద్దన్న పాపి అన్నమాట. కొండమీద చోటు తక్కువ, రాయి ఎక్కువ. ఒకే గోతిలో ఒకరి తర్వాత ఒకరు పడుకోవాలి గనక తవ్వక తప్పదు. ఆ అవసరానికి పాపపుణ్యాలు ఎవరు అంటగట్టారో గాని, నా ఎదుట పడితే నాలుగు దులుపుదును.

లెమొనియా నా అన్న కూతురు. అన్న అల్బేనియా యుద్ధంలో పోయాడు. అప్పట్నుంచి ఒకే వాకిట్లో రెండు గుమ్మాలు. ఒకటి మా వదిన గరుఫలియాది, రెండోది నాది. నాకు పెళ్ళి కాలేదు. నా నోటికి జడిసి ఎవరూ రాలేదని ఊళ్ళో అంటారు. ఆ గొడవ ఇప్పుడెందుకు.

లెమొనియాని థిమియోస్‌కి ఇచ్చాం. అడవిలో కట్టెలు కొట్టి అమ్మేవాడు. గొంతు బాగుంటుందని ఆదివారాలు చర్చిలో లాంబ్రోస్ పాదిరి పక్కన నిలబడి పాడేవాడు. అతను పాడుతుంటే ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవారు. ఇంటికెళ్ళాక ఏం చేసేవాడో లెమొనియా మోచేతులు చెప్పేవి. చంకలో పసిపిల్లని వేసుకుని మాటిమాటికీ పుట్టింటికి పరిగెత్తుకొచ్చేది. మా వదిన మాటిమాటికీ దిగబెట్టి వచ్చేది.

చివరిసారి వచ్చినప్పుడు నేను వాకిట్లోనే ఉన్నాను.

"అమ్మా, ఈసారి పంపకే. ఈసారి చంపేస్తాడే."

"పెళ్ళి కిరీటాలు పెట్టి, దేవుడి ముందు ముడి వేశారు. దాన్ని విప్పడానికి నువ్వెవరు, నేనెవరు? పద."

"వదినా, పిల్ల వణికిపోతోంది, నాలుగు రోజులు ఉండనీ," అన్నాను.

"నువ్వు మాట్లాడకు స్టామాతా. మొగుడితో కాపరం చేసినదానివైతే తెలిసేది."

అని, కూతురి వైపు తిరిగి, చెయ్యెత్తి, "ఇంకోసారి మొగుణ్ణి వదిలి ఈ గడప తొక్కావో, మట్టి నిన్ను అరిగించుకోకుండా పోనూ!" అంది. మా ఊళ్ళో అంతకంటే పెద్ద శాపం లేదు. కోపంలో అంది. అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది, నేను చూశాను. కాని లెమొనియా అప్పటికే పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోతోంది.

ఆ చలికాలంలోనే చచ్చిపోయింది. నీళ్ళ కడవతో రాతిమెట్ల మీంచి జారిందని థిమియోస్ కబురు పంపాడు. మేం వెళ్ళేసరికి అతని తల్లి శవానికి స్నానం చేయించేసి, తలకి నల్లగుడ్డ చుట్టి గడ్డం కిందికి బిగించి కట్టేసి ఉంచింది. పాలు తాగే ఆ పిల్ల పేరు క్రిస్టాలో. దాన్ని పెంచడం తనవల్ల కాదని మా వదిన ఒళ్ళో పెట్టేశాడు థిమియోస్. చర్చిలో ఆ రోజు కూడా తనే పాడాడు.

పిల్ల మా వాకిట్లో పెరిగింది. వాళ్ళమ్మ పిలిచినట్టే నన్ను "అత్తా" అని పిలిచేది. కోళ్ళకి పేర్లు పెట్టేది, పాదిరిగారి గడ్డం నిజందా అతికించిందా అని అడిగేది. దాన్ని చూస్తే మా ఇద్దరికీ బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టింది. థిమియోస్ వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఎప్పుడైనా దారిలో కనబడితే పిల్ల నా పావడా వెనక దాక్కునేది.

తర్వాత లెమొనియాని తవ్వి తీసే ఏడు వచ్చింది.

వైను, తెల్లగుడ్డ, ఎముకలు పెట్టే చెక్కపెట్టె, ఉడికించిన గోధుమల పళ్ళెం, అన్నీ పట్టుకుని, పాదిరిని వెంటబెట్టుకుని ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళాం. ఏడుపు పాటలు పాడుతూ తవ్వుతున్నాం. పార మెత్తగా ఏదో తగిలి ఆగింది. పాట కూడా ఆగిపోయింది.

మనిషి మనిషిలాగే ఉంది. తోలు నల్లబడి ఎముకలకి అంటుకుపోయింది గాని, మొహం మొహమే. ముక్కు లెమొనియాదే. చేతులు గుండెల మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పారలు కింద పడేసి అందరూ మూడు వేళ్ళు కలిపి శిలువ గుర్తు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను, అబద్ధం ఎందుకు.

"అమ్మో, దీని కడుపులో ఏం పాపం ఉందో!" అంది ఒకావిడ.

"మొగుణ్ణి వదిలి ఊరికే పరిగెత్తేది కదా. ఎవడికోసం పరిగెత్తేదో," అంది ఇంకో మహాతల్లి. నిన్నటిదాకా లెమొనియాని బంగారు బొమ్మ అన్నది ఆవిడే.

నేను గోతిలోకి దిగి లెమొనియాని పట్టుకున్నాను. తల కింద చెయ్యి పెట్టి ఎత్తబోతే నల్లగుడ్డ చేతిలోనే పొడిపొడి అయిపోయింది. ఎడమ చెవి వెనక నా వేలు లోపలికి దిగింది. గుండ్రంగా, గొడ్డలి వెనక మొద్దంత గుంట. మెట్టు మీద పడితే అలా పగలదు.

"పాదిరిగారూ, ఇటు చూడండి. దీన్ని కొట్టి చంపారు. చూడండి, ఇక్కడ!"

లాంబ్రోస్ పాదిరి చెడ్డవాడు కాదు. కరువులో తన ఇంట్లో మొక్కజొన్న పిండి ఊరంతటికీ పంచినవాడు. వంగి చూశాడు. కాని ఆయన చూసింది ఆ గుంటని కాదు, అరగని ఆ ఒంటిని.

"స్టామాతా, మెట్ల మీంచి పడ్డ మనిషికి తల పగలదా? ఆ సంగతి అప్పుడే అయిపోయింది. ఈ ఆత్మ ఎక్కడో చిక్కుకుపోయింది, ముందు దాని సంగతి చూడాలి." అందరి వైపు తిరిగాడు. "ఈమెని ఎవరైనా శపించారా? ఈమె మీద ఎవరికైనా మనసులో కష్టం ఉందా?"

మా వదిన అలాగే కూలబడిపోయింది. "నేనే, నేనే. నా నోరు పడిపోను! కన్నతల్లినై ఉండి మట్టి అరిగించుకోకూడదన్నాను. నా బిడ్డ ఇన్నేళ్ళూ నా మాటకి కట్టుబడి ఇలా పడి ఉంది."

ఆ మాటతో ఇంక నా మాట ఎవరికి కావాలి? ఎవరి చేతిలో చచ్చింది అన్న ప్రశ్న పోయి, ఎవరి నోటివల్ల అరగలేదు అన్న ప్రశ్న మిగిలింది. వదిన చుట్టూ చేరి ఓదార్చారు. గిన్నెలో నీళ్ళు తెచ్చి, గుప్పెడు ఉప్పు వేసి, ఆమె చేత కలిపించారు. "ఈ ఉప్పు కరిగినట్టే నా శాపం కరగాలి" అని ఆ నీళ్ళు కూతురి మీద పోసింది. సగం తన ఒళ్ళోనే పోసుకుంది.

"ఇక మొగుడు కూడా క్షమించాలి," అన్నాడు పాదిరి. "భార్య మీద భర్తకి మనసులో కోపం ముడిపడి ఉంటే అదీ బంధమే."

థిమియోస్‌ని పిలిపించారు. వచ్చాడు. గోతిలోకి ఒక్కసారి చూసేసరికి మొహం రంగు మారిపోయింది. ఎవరికైనా మారుతుంది, అనుకున్నారు అందరూ. తేరుకుని, టోపీ తీసి చేతుల్లో నలుపుతూ చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"తండ్రీ, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇది నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేసి పుట్టింటికి పోయేది. ఇప్పుడు నా రక్తం పంచుకున్న పిల్ల ఇంకొకరింట పెరుగుతోంది. నా చేత్తో కన్నబిడ్డకి ఇంత ముద్ద పెట్టుకోలేనప్పుడు, క్షమించానని ఉత్త పెదాల్తో ఎలా అనను? దేవుడికి తెలీదా?"

అతని రెండో పెళ్ళాం నిండు నెలల మీద ఉంది. మేకలు కాయడానికి మనిషి లేదు. పైగా కూతురు తనింట్లో లేనన్నాళ్ళూ ఊళ్ళో ఏదో ఒక గుసగుస ఉంటూనే ఉంటుంది. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తట్టాయి. తట్టి ఏం లాభం?

"వదినా, ఇయ్యకు," అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను. దీని తల పగలగొట్టినవాడికి దీని బిడ్డనిస్తావా?"

"నువ్వు నోర్ముయ్! నీకు పుట్టలేదు కాబట్టి నీకు తెలీదు. అది లోపల కాలిపోతోందే. రోజూ కాలిపోతోంది. నా వల్ల." అని మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, అల్లుడి బూట్లు పట్టుకుంది. "తీసుకెళ్ళు నాయనా. నీ పిల్లని నువ్వు తీసుకెళ్ళు. నా బిడ్డని మాత్రం క్షమించు బాబూ, నీకు దండం పెడతాను."

చంపినవాడి కాళ్ళు పట్టుకుని చచ్చినదాని తల్లి క్షమాపణ అడగడం ఈ కళ్ళతో చూశాను. నలుగురూ కళ్ళు తుడుచుకుంటున్నారు, ఎంత గొప్ప దృశ్యమో అన్నట్టు. అతను గిన్నెలో ఉప్పు కలిపాడు. ఆ నీళ్ళు లెమొనియా మొహం మీద పోస్తూ, చర్చిలో పాడే గొంతుతో "క్షమించాను" అన్నాడు. మళ్ళీ పూడ్చేశారు.

క్రిస్టాలో ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. వెళ్తూ, "అత్తా, కోళ్ళని పేర్లు పెట్టి పిలుస్తుండు, లేకపోతే మర్చిపోతాయి," అంది. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.

పిల్లని మా ఇంటివైపు రానిచ్చేవాడు కాదు. మేకల వెనక కొండమీద కనబడేది, ఎండలో కూడా నల్లగుడ్డ చెవుల మీదికి కట్టుకుని. పిలిస్తే చెయ్యి ఊపేది, దగ్గరికి వచ్చేది కాదు. మాట తగ్గిపోయింది. పాలు, రొట్టె పట్టుకెళ్తే అటూ ఇటూ చూసి గబగబా తినేది. పోలీసు చౌకీకి వెళ్ళి చెప్పాను. అక్కడి సార్జెంటు, "తండ్రి దగ్గర పిల్ల ఉంటే నేరమేంటమ్మా?" అని నవ్వాడు. మా వదిన దగ్గర మొరపెట్టుకుంటే, "తండ్రి దగ్గర పిల్లకి క్రమశిక్షణ ఉంటుంది," అని ప్రార్థన మొదలుపెట్టేది. నాకు మాత్రం కలలో ఎప్పుడూ ఒకటే వచ్చేది. లెమొనియా మా వాకిట్లో నిలబడి ఉంటుంది, తడిగా, ఉప్పు కారుతూ. గడప మాత్రం తొక్కదు.

మూడేళ్ళకి రెండోసారి తవ్వారు.

ఈసారి ఊరు ఊరంతా వచ్చింది. మొదటి పార దెబ్బకే కింద గలగలమంది. ఎముకలు. ఒక్కొక్కటీ తీసి తెల్లగుడ్డ మీద పెడుతుంటే తేనెమైనంలా మెరిశాయి. ఆడవాళ్ళు పెద్దగా ఏడ్చారు, సంతోషంతో. లాంబ్రోస్ పాదిరి శిలువ గుర్తు వేసుకున్నాడు.

"దేవుడు విన్నాడు. తల్లి పశ్చాత్తాపం విన్నాడు, భర్త మాట విన్నాడు."

మా వదిన మొహం వెలిగిపోతోంది. పెళ్ళినాటి తర్వాత ఆవిణ్ణి అలా చూడలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"చూశావా స్టామాతా? హంతకుడి మాట దేవుడు వింటాడా? చెప్పు, వింటాడా? అతను క్షమించాడు, ఇది అరిగింది. ఇంకా ఏం రుజువు కావాలే నీకు? ఇన్నేళ్ళూ ఒక అమాయకుణ్ణి అనరాని మాటలన్నావు. వెళ్ళి క్షమాపణ చెప్పుకో."

నేనూ ఆ ఊరి మనిషినే, ఆ మెరుపు చూసి ఒక్క క్షణం నాకూ అనిపించింది, ఒకవేళ నేనే పొరబడ్డానేమో అని. అనుమానం అంత సులువుగా దూరుతుంది మనిషిలోకి.

ఎముకల్ని వైనుతో కడగడం దగ్గరి ఆడవాళ్ళ పని. పుర్రెని కూతురు కడిగితే మంచిదన్నారు. లెమొనియా పిల్లని ముందుకి తోశారు. ఎనిమిదేళ్ళ పిల్ల, గిన్నె ముందు గొంతుక్కూర్చుని, పుర్రెని రెండు చేతులా పట్టుకుని జాగ్రత్తగా కడుగుతోంది. ఎడమ చెవి ఉండే చోటికి వచ్చేసరికి వేలు గుంటలో పడింది. ఆగింది. వేలు చుట్టూ తిప్పి చూసింది.

"ఇదేంటి అమ్మమ్మా?"

"పోయినసారి పార తగిలి ఉంటుంది," అన్నాడు థిమియోస్ వెనకనుంచి.

పిల్ల తలెత్తలేదు. వైను కారుతున్న ఆ చెయ్యే నెమ్మదిగా పైకెత్తి, తన నల్లగుడ్డ కిందికి, తన ఎడమ చెవి వెనక్కి పోనిచ్చింది. అక్కడ తడిమి చూసుకుంది. మళ్ళీ పుర్రెని తడిమింది. రెండూ ఒకటేనా అని పోల్చి చూసుకుంటున్నట్టు.

నేను ఒక్క అంగలో వెళ్ళి ఆ గుడ్డ లాగేశాను. చెవి వెనక జుట్టు లేదు. గుండ్రంగా పచ్చిపుండు, పైన పొక్కు కట్టింది. దాని చుట్టూ పాతవి.

"చూడండి!" అని అరిచాను. "బంగారు ఎముకలు చూస్తున్నారు కదా, ఇది కూడా చూడండి!"

"మేక పొడిచింది," అన్నాడు థిమియోస్.

పాదిరి చూశాడు. ఈసారి గుంటనే చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే కళ్ళు తిప్పుకున్నాడు. కాని ఎదురుగా ఆ ఎముకలు మెరుస్తున్నాయి. ఆయన చెప్పిన మాట అప్పుడే ఊరంతా విన్నది. ఆ మాట వెనక్కి తీసుకుంటే ఆ మెరుపుకి అర్థం ఏమిటి?

మా వదిన లేచింది. వచ్చి పుండు దగ్గరగా చూసింది. వేలితో తాకబోయి, తాకలేదు. ఆవిడకి అర్థమైంది, ప్రమాణం చేసి చెప్పగలను, అంతా అర్థమైంది. మొహంలో ఆ వెలుగు గాలికి దీపం ఊగినట్టు ఊగింది. తర్వాత కింద పడ్డ నల్లగుడ్డ తీసి, మట్టి దులిపి, మనవరాలి తల చుట్టూ కట్టి, గడ్డం కింద బిగించి ముడి వేసింది.

"వదినా!"

"నోరు మూసుకో స్టామాతా." ముడి మీద చెయ్యి తియ్యలేదు. "ఆ మాట నిజమైతే ఇతని క్షమాపణ అబద్ధమవుతుంది. అబద్ధమైతే నా బిడ్డ మళ్ళీ ఆ మంటల్లోకి పోతుంది. నేను ఇంకోసారి పంపలేను దాన్ని."

"అవి ఉత్త ఎముకలే వదినా. ఇదింకా ఊపిరి తీసుకుంటోంది."

ఆవిడ పుర్రెని అందుకుని తెల్లగుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది.

ఎముకలు పెట్టెలో సర్దాక అందరూ గోధుమలు తింటూ, బ్రాందీ తాగుతూ మా వాకిట్లో చేరారు. థిమియోస్‌ని మధ్యలో కూర్చోబెట్టి పుణ్యాత్ముడన్నట్టు గ్లాసులు నింపుతున్నారు. నేను క్రిస్టాలో చెయ్యి పట్టుకుని పెరటి దారిన బయటపడ్డాను. మూటా ముల్లే లేదు. కింద రోడ్డుమీదికి మధ్యాహ్నం బస్సు వస్తుంది.

దారి మలుపులో మా వదిన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో! పిల్ల నా పావడా వెనక్కి పోయింది.

"ఎక్కడికే?"

"అడ్డు తప్పుకో వదినా."

"వదిలెయ్ దాన్ని. నా మాట విను స్టామాతా, నా బిడ్డ ఇప్పుడే కుదుటపడింది. నువ్వు మళ్ళీ అంతా చెడగొట్టకు."

నేను ఆవిణ్ణి భుజంతో నెట్టుకుని దిగిపోయాను. వెనకనుంచి ఆ గొంతు వినబడింది. "మట్టి నిన్ను అరిగించుకోకుండా పోనూ! నువ్వు చచ్చి గోతిలో అలాగే పడి ఉండాలే స్టామాతా, నల్లగా, నలుగురూ చూసేలా!" బస్సు ఎక్కేదాకా తిడుతూనే ఉంది. కాని ఒక్కటి నిజం. నన్ను తిట్టింది గాని, థిమియోస్‌ని కేకేసి పిలవలేదు. ఒక్క పిలుపు చాలు, వాకిలి దగ్గరే. పిలవలేదు.

మేం వెళ్ళి తలదాచుకున్న రేవుపట్నం పిరేయస్ దాకా పిల్లకోసం థిమియోస్ ఒక్కసారి వచ్చాడు. పుర్రె పెట్టె చర్చి వెనక గదిలోనే ఉంది కదా, పట్నం డాక్టరుకి చూపిద్దామా అన్నాను. పిల్లనీ, దాని తిండి ఖర్చునీ నాకే వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా ఏళ్ళు బతికాడని, అతని ఎముకలు కూడా తేనెరంగులోనే వచ్చాయని విన్నాను. మా వదినవి నల్లగా వచ్చాయట. ఆవిడకి అంత శిక్ష పడాల్సింది కాదు అని కాసేపు ఏడ్చాను. ఏడ్చాక గుర్తొచ్చింది, నేను కూడా ఎముకల మాటే నమ్మి ఏడుస్తున్నానని.

ఇప్పుడు నాకు ఎనభై దాటింది. క్రిస్టాలో దారాల మిల్లులో పనిచేసి, రిటైరై, మనవల్ని ఆడిస్తోంది. ఎడమచెవి సరిగా వినబడదు. నేనేదైనా చెప్పాలంటే కుడివైపు కూర్చుంటాను. ఇక్కడ పట్నంలో కూడా మూడేళ్ళకే తవ్వేస్తారు, చోటు చాలదు. పనివాళ్ళు తవ్వుతారు, వాళ్ళకి ఎవరి పాపంతోనూ పనిలేదు. అయినా నాకు భయం. నమ్మకం లేదు, భయం ఉంది. ఆ మలుపులో ఆవిడ గొంతు ఇంకా వినబడుతూనే ఉంటుంది. చేసిన పని తప్పని ఒక్కనాడూ అనుకోలేదు. అయినా చచ్చాక నేను అలా పడి ఉంటే, అందరూ చూస్తే, క్రిస్టాలో చూస్తే ఏమనుకుంటుందో అని.

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఉండబట్టలేక అనేశాను.

"ఏమే, నన్ను తవ్వేరోజు నువ్వు రాకు. ఒకవేళ నేను అరక్కుండా ఉంటే..."

క్రిస్టాలో కప్పు కింద పెట్టింది.

"వస్తాను అత్తా. ఉంటే ఇంకా మంచిది. నీ మొహం ఇంకోసారి చూసుకోవచ్చు."